రెండోసారి కలిసిన వరుస

మా దవాఖాన కంప్యూటరు ప్రోగ్రాంను పాత ఏర్పాటు నుంచి కొత్త ఏర్పాటులోకి మార్చినప్పుడు ఒక్క వరుస కూడా పోలేదు. ఆ మాట అందరూ తృప్తిగా చెప్పుకున్నారు. పోయినదేమైనా ఉందా అని వెతికాం. ఎక్కువైంది ఏమైనా ఉందా అని వెతకాలని ఎవరికీ తోచలేదు.

అది తొంభైల చివరి మాట. నారాయణఖేడ్‌లో ఒక ధర్మ సంస్థ నడిపే చిన్న క్షయ దవాఖాన ఉండేది. ఇప్పుడు లేదు. మా ఆయన అక్కడ కంప్యూటరు పని చూసేవారు. నేను రోగుల పేర్లు, వయసులు, బరువులు ఎక్కించేదాన్ని. ఇద్దరం బీఎస్సీ వాళ్లమే. ప్రోగ్రాం రాయడం ఆయన హైదరాబాదులో నేర్చుకొని వచ్చారు, నేను ఆయన పక్కన కూర్చొని నేర్చుకున్నాను.

సంస్థ పెద్ద దవాఖాన హైదరాబాదులో ఉండేది. ప్రోగ్రాం అక్కడ పుట్టింది. డాక్టరు జబ్బు రకం చెబితే, రోగి వయసూ బరువూ చూసి, రోజుకు ఏ గోలీ ఎన్ని వేసుకోవాలో లెక్క కట్టి చీటీ అచ్చేసేది. ఆ చీటీని బట్టి కాంపౌండర్ పొట్లాలు కట్టేవాడు. కొన్నాళ్లకు రెండు చోట్ల అవసరాలూ వేరయ్యాయి. వాళ్లకు వచ్చే గోలీలు పెద్దవి, మాకు వచ్చేవి చిన్నవి. వాళ్ల రోగులు వారానికోసారి వచ్చి మందు తీసుకుపోయేవారు. మా రోగుల్లో చాలామంది దసరా దాటగానే చెరుకు కొట్టడానికి బీదరు వైపు వెళ్లిపోయేవారు. మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. అందుకని వాళ్లకు నెలల మందు ముందే కట్టి ఇచ్చేవాళ్లం. అలా ఇవ్వకూడదని డాక్టరుకు తెలుసు. ఇవ్వకపోతే మందు లేకుండానే పోతారని కూడా తెలుసు.

ఇలాంటి తేడాల వల్ల ఒక ప్రోగ్రాం రెండు శాఖలైంది. సిటీది ఒకటి, ఖేడ్‌ది ఒకటి. మార్పు చేసిన ప్రతిసారీ పాత ప్రతిని చెరపకుండా దాచి, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో ఒక వాక్యం పక్కన పెట్టుకునే సాధనం రెండు చోట్లా ఉండేది. కానీ రెండు యంత్రాల మధ్య ఏ సంబంధమూ లేదు. సిటీలో చేసిన మార్పులు ఫ్లాపీలో, సంగారెడ్డి మీదుగా బస్సులో వచ్చేవి. అందులో మాకు పనికొచ్చేవి మా ప్రతిలో కలుపుకోవాలి. ఆ పనిని మేము కలుపుడు అనేవాళ్లం.

మా నాన్న తహసీలు కచేరిలో నకళ్లు రాసేవారు. అక్కడ నకలు తయారయ్యాక ఒకరు అసలు చదివేవారు, ఇంకొకరు నకలు చూస్తూ ప్రతి వరుసకూ "ఉంది" అనేవారు. దాన్ని ముకాబలా అంటారు. నేను ఆ సంగతి చెబితే ఆయన కలుపుడుకు అదే పద్ధతి పెట్టారు. సిటీ ప్రతి అచ్చు కాగితం నా చేతిలో ఉండేది. నేను చదివేదాన్ని, ఆయన తెర మీద మా ప్రతి చూస్తూ "ఉంది" అనో, "లేదు, ఆగు" అనో అనేవారు. "ఆగు" అన్నచోట కలపాలా వద్దా అని మాట్లాడుకునేవాళ్లం. ఏది కలిపామో, ఏది వద్దనుకున్నామో, ఏది చోటు మార్చి పెట్టామో ఆ మాటల్లోనే ఉండేది.

పిల్లల మందు గురించిన వరుస వచ్చిన రోజు నాకు గుర్తుంది. బరువు తక్కువున్న పిల్లలకు పెద్దవాళ్ల లెక్కలో సగం చెయ్యాలని సిటీవాళ్లు ఒక వరుస చేర్చారు. అది మందు లెక్క కట్టే భాగంలో ఉంది. నేను చదివాను.

"ఆగు," అన్నారు ఆయన. "సగం గీడ పెట్టొద్దు. కిందికి తీస్కపోదాం."

"ఎందుకు? సిటీల గీడనే పెట్టిండ్రు గద."

"వాళ్లు గోలీని ఇరగ్గొట్టి ఇస్తరు. మనది ఇరగ్గొడితె పిండైతది. మనకు పూర్తి అంకె గావాలె. ముందుగాల సగం చేస్తె అంకెల ముక్కలొస్తయ్. లెక్కంత అయినంక, చీటీల పడేటప్పుడు సగం చేద్దాం."

"మంచిది. మరి పైనుంచి తీసి కింద పెట్టినమని రాస్తవా?"

"రాసుడెందుకు? నువ్వున్నవ్ గద."

"నేను పోతే?"

"అప్పుడు నేనుంట. ఇద్దరం ఒక్కసారి పోతమా ఏంది? చదువు, కరెంటు పోతది."

నేను చదివాను. అంతా అయ్యాక ఆయన పక్కన పెట్టిన వాక్యం, ఎప్పటిలాగే, "సిటీది కలిపిన" అన్నది మాత్రమే. ఆ పాత సాధనంలో కలుపుడుకు వేరే గుర్తు లేదు. మామూలు మార్పులాగే పడేది. ఇక్కడ రెండు దారులు కలిశాయి అని చెప్పడానికి అందులో చోటే లేదు. మాకు అది లోపంగా అనిపించలేదు. మేమిద్దరం ఉన్నాం.

ఆ రోజుల్లో కంగ్టి అవతలి గూడెం నుంచి ఒక పాప వచ్చేది. బడికి ఇంకా పోని వయసు. తల్లిదండ్రులు చెరుకు కొట్టేవాళ్లు. తండ్రి కొడితే తల్లి మోపులు కట్టేది. ఇద్దరూ కలిస్తేనే ఒక జోడి, విడిగా ఎవరికీ పని ఉండదు. పాప మెడలో గడ్డ, విడవని జ్వరం, దగ్గు. మందు మొదలుపెట్టాక నెలనెలా కొంచెం కొంచెంగా తేరుకుంది. అచ్చు కాగితానికి అంచున చిల్లులుండే పట్టీలు వచ్చేవి కదా, వాటిని చింపి మణికట్టుకు గాజుల్లా చుట్టుకునేది. కాంపౌండర్ ఊరుకునేవాడు కాడు.

"ఏందే, మళ్ల పెండ్లికి తయారైనవా?"

"నాకు గాదు. నీకు. నీ మీసాలకు."

"మీసాలకు పెండ్లి చేస్తవా? మరి పిల్లెవరు?"

"మా మేక."

తల్లి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమెకు చదువు రాదు. మందును రంగుతో గుర్తుపెట్టుకునేది. ఎర్రది ఒకటి, తెల్లవి రెండు. పెద్దవాళ్లకైతే ఎర్రది అదే ఒకటి, తెల్లవి నాలుగు; పిల్లలకు సగమయ్యేవి తెల్లవే. పోయేముందు కాంపౌండర్‌కు ఒకసారి అప్పజెప్పేది, "ఎర్రది ఒకటి, తెల్లయి రెండు గదన్నా?" అని.

ఆ ఎండాకాలం మా ఆయన పోయారు. గుండె ఆగింది. పొద్దున చాయ్ తాగి, బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నారు. అంతే. ఇంతకంటే రాయగలిగింది లేదు.

నేను పనికి వెళ్లడం మానలేదు. ఇంట్లో ఉంటే చెయ్యడానికి ఏమీ లేదు. ఆయన కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది, ఎందుకంటే తెర అటు వైపు ఉంది.

వానల చివర్లో సిటీ నుంచి కొత్త ఇంజనీరు వచ్చాడు. ముప్పై లోపు మనిషి, నెమ్మదస్తుడు. ఇకమీద ప్రోగ్రాం ప్రతులన్నీ హైదరాబాదులో ఒకే చోట ఉంటాయనీ, ఫ్లాపీలు ఉండవనీ, ఫోను తీగ మీద మార్పులు వస్తాయనీ చెప్పాడు. సిటీ మార్పుల చరిత్రా, ఖేడ్ మార్పుల చరిత్రా రెండూ కొత్త సాధనంలోకి తెస్తాడు. శాఖలు రెండుగానే ఉంటాయి, కానీ ఇక ఒకే కప్పు కింద.

"సార్ చేసిన కలుపుళ్లు చాలా ఉన్నట్టున్నాయి మేడమ్," అన్నాడు పాత వాక్యాలు చూస్తూ. "ఏది తీసుకున్నారు, ఏది వదిలేశారు అని ఎక్కడైనా ఉందా?"

"లేదు. చదువుకుంటూ పోతే నాకు గుర్తొస్తుంది. ముందే అడిగితే చెప్పలేను."

అతను తన ఇబ్బంది చెప్పాడు. పాత సాధనంలో ఒక్కో మార్పూ దాని ముందరి ఖేడ్ ప్రతి ఒక్కదాని నుంచే వచ్చినట్టు రాసి ఉంది. కొత్త సాధనానికి అది అలాగే పోతుంది. అంటే సిటీ శాఖలోంచి మేము ఎప్పుడో తెచ్చుకున్న మార్పులు, ఇంకా రానివిగానే దానికి కనిపిస్తాయి. దీనికి దారులు రెండు. ఒక్కో కలుపుడు దగ్గరా ఆగి, ఇంతవరకూ వచ్చేసింది అని చేత్తో గుర్తు పెట్టుకుంటూ పోవడం ఒకటి. చరిత్రను ఉన్నది ఉన్నట్టు తెచ్చి, చివర్లో రెండు శాఖలనూ ఒకసారి కొత్తగా కలిపెయ్యడం ఇంకొకటి.

మొదట మంచి దారే పట్టాడు. ఒక మధ్యాహ్నమంతా నేను చదివాను, అతను "ఉంది" అన్నాడు. వేరే గొంతుతో ఆ మాట వినడం కష్టంగా ఉండింది. ఒక భాగం పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. మర్నాడు సిటీ నుంచి ఫోను వచ్చింది. ఇంకో ఊళ్లో కూడా పని ఉందనీ, ఈ వారంలోనే ముగించాలనీ. ఫోను పెట్టేసి అతను నా వైపు తిరిగాడు.

"రెండో దారిలోనే వెళ్దాం మేడమ్. కొత్త సాధనం ఉన్నదాన్ని ఉన్నట్టే పోలుస్తుంది. లేనిదే కలుపుతుంది. రెండూ ఒకే చోట తగువు పడితే గొడవ అని ఆపి చూపిస్తుంది. అక్కడ మనం చూసుకుంటాం."

"ఉన్నది వేరే చోట ఉంటే?" అన్నాను.

అతను ఆలోచించాడు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. "అలాంటివి ఎన్ని ఉంటాయి మేడమ్?"

"తెలియదు."

అది నిజం. ఆ క్షణాన ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు. అతను కలుపుడు నడిపించాడు. తెర మీద అక్షరాలు గబగబా పైకి పోయి ఆగాయి. అతను వెనక్కి వాలాడు.

"ఎక్కడా గొడవ రాలేదు."

రోగుల వరసలో మొదటి పేజీ తీసి చీటీలు అచ్చేసి చూశాం. అన్నీ పాతవాటితో సరిపోయాయి. ఆ పేజీలో అందరూ పెద్దవాళ్లే. ఆ సంగతి అప్పుడు ఎవరూ గమనించలేదు.

అతను వెళ్లాక నేను కొత్త సాధనంలో మా చరిత్ర తెరిచాను. ఆయన వాక్యాలన్నీ వచ్చాయి. తేదీలు సరిగానే ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, ఒకే దారిలో ఉన్నాయి. ఇంకెవరితోనూ సంబంధం లేకుండా ఆయన ఒక్కరే కూర్చొని అన్నీ రాసుకున్నట్టు ఉంది. తప్పు వాక్యం ఒక్కటీ లేదు. అయినా అక్కడ నాకు ఏదో బాగా లేదనిపించింది. అది దుఃఖం వల్లనే అనుకొని మూసేశాను.

దసరా ముందు దవాఖానలో ఎప్పుడూ రద్దీ. చెరుక్కు పోయేవాళ్లంతా మందు కోసం వస్తారు. గూడెం పాపతో తల్లి వచ్చిన రోజు నేను లేను, ఆయన మాసికం పెట్టించుకోవడానికి సెలవు తీసుకున్నాను. ఆ రోజు జరిగింది తర్వాత కాంపౌండర్ నోటే విన్నాను. పాప బరువు కొంచెం పెరిగిందట. అయినా సగం చెయ్యాల్సిన హద్దు లోపలే ఉంది. చీటీ అచ్చయింది. తల్లి ఎప్పటిలాగే అప్పజెప్పింది.

"ఎర్రది ఒకటి, తెల్లయి రెండు గదన్నా?"

కాంపౌండర్ చీటీ చూశాడు. "గీసారి తెల్లది గూడ ఒకటే వచ్చింది."

"ఒకటేనా?"

"బాగైతుంది గద, అందుకనే తక్కువ చేసిండ్రు. సంబురపడు."

ఆమె సంబరపడింది. పాప తల నిమిరింది. నెలల తరబడి పొట్లాలు గోనె సంచిలో కట్టించుకొని వెళ్లిపోయింది.

తర్వాత చలి మొదలైంది. పొద్దున్నే కళ్లాల దగ్గర కందికట్టెల పొగ. దవాఖాన ఖాళీ. ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాం. ఒక ఉదయం, ఊళ్లోనే ఉండే ఒక ముసలమ్మ మనవడి మందు కోసం వచ్చింది. చర్చి పక్క వీధి ఆమె. చీటీ కాంపౌండర్ చేతికిచ్చి, పొట్లం విప్పి చూసి, కిటికీలోంచి నన్ను పిలిచింది.

"ఏం బిడ్డా, మీ కంప్యూటర్ పిసినారి అయిందా? పోయిన నెల గూడ గిట్లనే ఒక్కటిచ్చిండ్రు. పోరనికి మళ్ల జరమొస్తుంది."

"తగ్గుతుందని ఇచ్చిన్రవ్వా," అన్నాడు కాంపౌండర్.

"ఏం తగ్గుతుంది? గోలీలా?"

నేను ఆ చీటీ తీసుకొని చూశాను. నాలుగులో సగం రెండు. రెండులో సగం ఒకటి. అప్పుడు గుర్తొచ్చింది, "సగం గీడ పెట్టొద్దు, కిందికి తీస్కపోదాం" అన్న మాట. ఆయన గొంతుతో సహా గుర్తొచ్చింది.

ఫోను చేస్తే ఇంజనీరు మర్నాడు పొద్దుటి బస్సుకే దిగాడు. ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. నేను మందు లెక్క భాగం చదివాను. బరువు తక్కువైతే సగం.

"ఉంది," అన్నాడు.

చీటీ భాగం చదివాను. బరువు తక్కువైతే సగం.

"ఉం..." అని ఆగిపోయాడు.

లెక్క కట్టే భాగంలో ఆ వరుస మా పాత ప్రతిలో లేదు. సిటీ శాఖలో ఉంది. ఎప్పుడో వచ్చి కింద కూర్చుందని కొత్త సాధనానికి చెప్పేవాళ్లు లేరు. అందుకని లేదనుకొని, దాని చోట దాన్ని మళ్లీ పెట్టింది. ఆ చోటు ఖాళీగా ఉంది కాబట్టి గొడవ రాలేదు. రెండు వరుసలూ విడివిడిగా చూస్తే సరైనవే.

అతను పై వరుస తీసేశాడు. దానికి ఎంతోసేపు పట్టలేదు. "వచ్చే వారం చీటీల్లో సరిపోతుంది కదా మేడమ్?" అన్నాడు, మొహం చూస్తే ప్రాణం కుదుటపడినట్టుంది.

"మీకు వచ్చే వారం సరిపోతుంది," అన్నాను. "మావాళ్లు ఎండాకాలం దాకా రారు."

అతనికి మొదట అర్థం కాలేదు. నెలల మందు ముందే కట్టి ఇస్తామని సిటీలో ఎవరికీ తెలియదు. చెప్పాను. విని, పిల్లల పేర్లు వెతికాడు. ఊళ్లో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఆ రోజే మందు మార్చి ఇచ్చాం. దూరం పోయింది గూడెం పాప ఒక్కతే.

దవాఖాన జీపులో బయలుదేరాం. డ్రైవరు పక్కన కాంపౌండర్, వెనక నేనూ ఇంజనీరూ. కంగ్టి దాటాక కాసేపటికి బోర్డుల మీద అక్షరాలు కన్నడంలోకి మారాయి. కూలీలను పోగేసి తీసుకుపోయే ముకద్దం చెప్పిన ఊరికి వెళితే, కోసేసిన తోటలో ఎండిన ఆకు కాలుస్తున్నారు. గుడిసెలున్న చోట పొయ్యిరాళ్లు మాత్రం ఉన్నాయి. అక్కడున్న ఒకతను చేయి ఊపాడు. "ఇల్ల, నిన్నె హోదరు." నిన్ననే పోయారట. ఏ వైపని అడిగితే ఫ్యాక్టరీ పొగ వైపు చూపించాడు. రోడ్డంతా చెరుకు బండ్లు. ప్రతి బండి మీదా పిల్లలున్నారు. అందరి మొహాలకూ మసి. ఇంజనీరు ప్రతి బండినీ తొంగి చూస్తున్నాడు. అతనికి ఆ పాప ఎలా ఉంటుందో కూడా తెలియదు.

పొద్దు వాలకముందే దొరికారు. చెరుకాకు గుడిసె ముందు పాప కూర్చొని ఉంది. ఎవరో వచ్చారని లేవలేదు. కాంపౌండర్‌ను చూసి కూడా ఏమీ అనలేదు. మెడలో గడ్డ మళ్లీ లేచింది.

తల్లి తోటలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా, గింత దూరం వచ్చిండ్రు?"

మందు ఎలా వేస్తున్నావని అడిగాను. ఆమె గుడిసె నిట్టాడికి కట్టిన సంచి తెచ్చి చూపించింది. ఎలుకలు కొట్టకుండా పైన కట్టింది. మిగిలిన పొట్లాలు ఒక్కటీ చెదరలేదు.

"ఒక్క దినం గూడ తప్పలేదక్కా. పొద్దుగాల తోటలకు పోకముందే ఏస్త. ముకద్దం తిట్టినా మంచిదే, ఏసినంకనే పోత. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి." మెచ్చుకుంటానని నా మొహం వైపు చూసింది.

తెల్లది ఒకటి చాలదని చెప్పాను. రెండు ఉండాలని చెప్పాను.

ఆమె కాంపౌండర్ వైపు తిరిగింది. "అన్నా, బాగైతుంది గద, సంబురపడు అన్నది నువ్వే గద?"

"చీటీల గట్లనే ఉండె చెల్లె," అన్నాడు. తల ఎత్తలేదు.

"తప్పు ఆయనది కాదమ్మా. చీటీని నేనే చెడగొట్టాను," అన్నాడు ఇంజనీరు.

"నువ్వెవరు?"

అతను చెప్పేలోపే ఆమె పాప దగ్గరికి వెళ్లిపోయింది.

తల్లినీ పాపనూ దవాఖానకు తీసుకుపోతామంటే తండ్రి కత్తితోనే వచ్చి నిలబడ్డాడు. "తోలుకపోతమంటె ఎట్ల? జోడి ఇరుగుతె ముకద్దం ఊకుంటడా?"

"ఊకోకుంటె మోపులు నువ్వే కట్టు. లేకుంటె వాన్ని కట్టమను," అని ఆమె పాపను ఎత్తుకొని జీపు ఎక్కింది. ఇంకో చీర కూడా తీసుకోలేదు.

డాక్టరు గడ్డ చూశాడు, తెమడ పరీక్ష చేయించాడు. చాలీచాలని మందుకు జబ్బు అలవాటు పడి ఉండవచ్చన్నాడు. పాత గోలీలతో పాటు రోజూ సూది వెయ్యాలి, నెలల తరబడి. తల్లీ పిల్లా దవాఖాన వెనక గదిలోనే ఉండాలి. చీటీ చేత్తో రాశాడు.

"గిది కంప్యూటర్ చెప్పిందా, నువ్వు చెప్పినవా?" అని తల్లి అడిగింది.

"నేనే చెప్పిన."

"అయితె సరే."

"ఒక్క మాటమ్మా. గీ సూది కొందరికి చెవులు చెడగొడుతది. రోజూ వెనక నుంచి పిలిచి చూడు. తిరగకుంటె జల్దీ చెప్పు, ఆపేస్త."

"ఆపితె?"

డాక్టరు చీటీ మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంజనీరు తన పై అధికారికి ఫోను చేసి, ఖేడ్ పని ముగిసేదాకా ఇంకో ఊరికి వెళ్లనని చెప్పాడు. ఫోను బూత్ అద్దంలోంచి చూశాను, చాలాసేపు ఏదో విన్నాడు, చివరికి అదే మాట మళ్లీ చెప్పాడు. మర్నాడు పొద్దుటి నుంచి మొదటి దారిలో మళ్లీ మొదలుపెట్టాం. నేను చదవడం, అతను "ఉంది" అనడం. "ఆగు" అన్నచోట ఇద్దరం ఆగేవాళ్లం. ఆయన ఎందుకు వద్దన్నారో, ఎందుకు చోటు మార్చారో నాకు గుర్తున్నంత చెప్పేదాన్ని. అతను కొత్త సాధనంలో ఆ చోట గుర్తు పెట్టి, సిటీ నుంచి ఇంతవరకూ వచ్చింది, ఫలానా కారణంతో ఇక్కడ ఉంది అని రాసేవాడు. కొన్ని చోట్ల నాకేమీ గుర్తు రాలేదు. అక్కడ "తెలియదు" అని రాయించాను. అతను ఇంకేదైనా మర్యాదైన మాట పెడదామన్నాడు. వద్దన్నాను. మా తర్వాత వచ్చేవాళ్లకు అది తెలియాలి.

మా కిటికీ బయటే వరండా. సూది వేయించుకున్నాక పాప మెట్ల మీద కూర్చొని ఎండ కాగేది. తల్లి వెనక నుంచి పిలిచేది. పాప తిరిగేది. లోపల మేము చదువుకునేవాళ్లం. కొన్ని వారాలు అలాగే సాగింది. గడ్డ తగ్గుతోంది. జ్వరం పోయింది. కాంపౌండర్ మాత్రం పాపతో వేళాకోళం మానేశాడు. పాపే అతన్ని గిల్లి వెళ్లేది.

ఒక పొద్దున తల్లి పిలిచింది. పాప తిరగలేదు. మళ్లీ పిలిచింది. మేము చదవడం ఆపేశాం. మూడోసారి గొంతు చించుకొని పిలిచింది. అప్పుడు పాప తిరిగి పకపకా నవ్వింది.

"నాకు మొదలే ఇనబడ్డది! ఊకెనే చేసిన!"

తల్లి చెయ్యి ఎత్తి, కొట్టకుండా దించేసింది. "ఇంకోసారి గిట్ల చేస్తె చూడు," అంది. కాంపౌండర్ మందుల గది తలుపు పట్టుకొని నిలబడ్డాడు. ఒక్క పాపే నవ్వింది. పెద్దవాళ్లందరినీ ఒకేసారి అలా ఆపగలనని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత అది ఆమె ఆట అయింది. కొన్నిసార్లు రెండో పిలుపుకు తిరిగేది, కొన్నిసార్లు మూడో పిలుపుకు. తిరిగినప్పుడల్లా నవ్వేది.

సూదులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆపితే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు భయం. ఆపకపోతే ఏమవుతుందో అది కూడా ఆయన భయమే. ఆయన అడిగేది ఒక్కటే, పిలిస్తే తిరుగుతుందా అని. తల్లి దానికి జవాబు చెప్పలేకపోయింది.

ఒక రోజు ఆమె మా కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వలు పట్టుకొని మెల్లగా అంది.

"అక్కా, నిన్న రెండోసారికి తిరిగింది. ఇయ్యాల ఎంత పిలిచినా తిరుగుతలేదు. ఆడుతుందో, ఇనబడుతలేదో నాకు తెలుస్తలేదు. నువ్వొచ్చి పిలువు. నీతోని ఆడదు."

నేను కాగితం కింద పెట్టి లేచాను. ఇంజనీరు తెర వైపు చూడటం మానేసి అలాగే కూర్చున్నాడు. వరండాలోకి వెళ్లి పాప వెనక నిలబడ్డాను. ఆమె మెట్టు మీద కూర్చొని గులకరాళ్లు వరసగా పేరుస్తోంది. చిన్నగా పిలిచాను.

జడ కదలలేదు. నేను వెంటనే మళ్లీ పిలవలేదు. నవ్వు ఆపుకుంటూ ఉంటే పిల్లల భుజాలు కొంచెమైనా కదులుతాయి. వాటి వైపే చూస్తూ నిలబడ్డాను.